ఏ నిఘంటువు ఎవరికి?

స్వర్ణోత్సవాల సందర్భంగా మన బడి గ్రంథాలయానికి మంచి నిఘంటువుల సెట్టు ఒకటి బహూకరించాలని కమిటీలో అనుకున్నారట. "నీకు పుస్తకాల పిచ్చి గదరా, ఏది కొనాల్నో నువ్వే చెప్పు. అట్లే సంచికకు దాని మీద ఒక వ్యాసం రాసియ్యి" అని కార్యదర్శి ఫోన్ చేశాడు. పదో తరగతిలో నా పక్క బెంచీవాడు కాబట్టి కాదనలేకపోయాను. కానీ ఏది కొనాలో చెప్పే ముందు, ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

పన్నెండేళ్ల క్రితం నేనూ ఇలాంటి బహూకరణే చేశాను. రెండు బరువైన సంపుటాల ఇంగ్లీషు నిఘంటువు. ఒక్కొక్కటి ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. ప్రార్థన సమయంలో శాలువా కప్పారు, ఫోటో తీశారు, నేనూ నాలుగు మాటలు మాట్లాడాను. పోయిన సంవత్సరం బహుమతి ప్రదానానికి వెళ్లినప్పుడు గ్రంథాలయం బీరువా తెరిపించి చూస్తే, ఆ రెండు సంపుటాలూ పై అరలో పడుకుని ఉన్నాయి. ప్లాస్టిక్ కవరు కూడా చినగలేదు. అక్కడున్న సారు దాచకుండా చెప్పారు: "పిల్లలు చింపుతారని తియ్యలేదు సార్. అయినా, తీస్తే మాత్రం ఎవరికి అర్థమవుతుంది?"

మొదటి వాక్యానికి నాకు కొంచెం కోపం వచ్చింది. రెండో వాక్యానికి జవాబు దొరకలేదు. ఎందుకంటే సరిగ్గా అలాంటి పుస్తకమే ఏడో తరగతిలో నాకు బహుమతిగా వచ్చింది, అదీ అర్థం కాలేదు.

వ్యాసరచనలో మొదటి బహుమతిగా ఇచ్చారు దాన్ని. ఎర్ర అట్ట, సన్నటి కాగితం, చీమల బారులాంటి అక్షరాలు. అంతా ఇంగ్లీషే. తెలుగు మీడియం పిల్లవాడిని, నాకు వచ్చిన ఇంగ్లీషు మాటలు మహా అయితే మూడు నాలుగు వందలు. ఆ సాయంత్రం ఇంట్లో లాంతరు ముందు కూర్చుని 'స్నీజ్' అనే మాట చూశాను. దాని అర్థంలో 'స్పాస్మోడిక్' అని ఉంది. అది చూస్తే అందులో 'కన్‌వల్సివ్' అని ఉంది. అలా నాలుగు పేజీలు తిరిగేసరికి అసలు ఎక్కడ మొదలుపెట్టానో మరిచిపోయాను. పక్కన నాయన తుమ్మారు. ఆ తుమ్మే ఆ మాటకు అర్థమని తెలియడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. పుస్తకంలో తప్పు లేదు. అది ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్న పెద్దవాళ్ల కోసం రాసింది. తప్పు నాలోనే ఉందని అప్పట్లో అనుకున్నాను, ఇంగ్లీషు మన తలకు ఎక్కదని తేల్చుకుని పుస్తకం అటక మీద పెట్టాను.

పానాల పెట్టె గురించి తెలిసినవాడికి ఇది వింత కాదు. పదిహేడో నంబరు బోల్టుకు ముప్పయ్యో నంబరు పానా పెట్టి తిప్పితే తిరగదు. అంతమాత్రాన పానా చెడ్డదీ కాదు, బోల్టు చెడ్డదీ కాదు. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు ఏ నిఘంటువు చేతికి వచ్చినా, ఇది ఎవరి చేతికోసం చేసిన పానా అని వెతకడం అలవాటైంది. అలా వెతుకుతూ పోతే మన నిఘంటువుల చరిత్ర నాకు కొంచెం వేరుగా కనబడింది.

మన తెలుగు అయ్యవారిని తలుచుకోండి. పేరు చెప్పక్కర్లేదు, 80ల్లో చదివినవారందరికీ తెలుసు. "అయ్యవారూ, తామరకు ఇంకో పేరు?" అంటే పుస్తకం తెరిచేవారు కాదు. కళ్లు మూసుకుని అమరకోశం అందుకునేవారు, పేర్లు వరుసగా జారిపోయేవి. చిన్నప్పుడు వీధిబడిలో వల్లె వేశారట. అమరకోశంలో అకారాది క్రమం లేదు. స్వర్గం, ఆకాశం, దిక్కులు, కాలం, భూమి, ఊరు, కొండ, అడవి, మృగాలు, మనుషులు, ఇలా వర్గాలుగా ఉంటుంది. మాట తెలియనివాడు వెతుక్కునే పుస్తకం కాదది. పద్యంగా ఉంది కాబట్టి జ్ఞాపకశక్తి చురుగ్గా ఉండే వయసులో నోటికి పట్టించే పుస్తకం, అర్థం తర్వాత మెల్లగా వస్తుంది. తెలుగులోనూ పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం, అడిదం సూరకవి ఆంధ్రనామశేషం ఇదే దారిలో పద్యాల్లో వచ్చాయి. ఆ చదువు ఎవరి పిల్లలకు అందింది, ఎవరికి అందలేదు అన్నది వేరే సంగతి, మా ఇంట్లో నాకు ముందు ఎవరికీ అందలేదు. కానీ వయసుకు తగ్గ అమరిక అన్న ఆలోచన మాత్రం అందులో ఉంది. ఈరోజు చంటిపిల్లలకు కొనే బొమ్మల నిఘంటువు తెరిచి చూడండి. వంటిల్లు ఒక పేజీ, తోట ఒక పేజీ, జంతువులు ఒక పేజీ. అదీ వర్గాలుగానే ఉంటుంది. అక్షరక్రమం ఇంకా పట్టుబడని పిల్లవాడికి వేరే దారి లేదు.

అకారాది క్రమంలో, తెలుగు మాటకు అర్థం చూసుకునేలా నిఘంటువు కూర్చినవారిలో ముందుగా చెప్పుకోవలసింది మచిలీపట్నం వర్తకుడు మామిడి వెంకయ్యను. ఆయన ఆంధ్రదీపిక 1806 నాటిది. అచ్చు కావడానికి మాత్రం 1848 దాకా ఆగవలసి వచ్చింది. ఈలోగా కుంఫిణీ కొలువులోని ఎ.డి. క్యాంబెల్ దాన్నే ఆధారంగా చేసుకుని 1821లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. తెలుగువాడి కోసం తెలుగువాడు కూర్చినది రాతప్రతిగా ఉండిపోగా, ఇంగ్లీషువాడికి పనికొచ్చే రూపం ముందు అచ్చయింది. అచ్చు యంత్రాలు ఎవరివో, పుస్తకాలూ ముందు వారికే.

ఇక బ్రౌన్. మన జిల్లావాళ్లకు ఆయన సొంతమనిషి లెక్క. ఎనిమిదో తరగతిలో కడప విహారయాత్రకు తీసుకెళ్లినప్పుడు, దేవుని కడప చూపించాక అయ్యవారు మమ్మల్ని ఎర్రముక్కపల్లి వైపు నడిపించి, చెట్లూ మొండిగోడలూ ఉన్న ఒక ఆవరణ ముందు నిలబెట్టారు. "ఇక్కడే రా బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి పని చేయించింది" అన్నారు. మాకు ఆకలి మీద ధ్యాస. తర్వాతి కాలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో అక్కడే బ్రౌన్ పేర గ్రంథాలయం వెలిసింది. ఇప్పుడు కడప వెళ్లినప్పుడల్లా ఒక పూట అక్కడ గడుపుతాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు వచ్చాడు. బంగళా కొని, సొంత జీతంలోంచి పండితులకు, రాయసగాళ్లకు ఇచ్చి ప్రతులు రాయించాడు, పాఠాలు దిద్దించాడు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయింది. మనం ఎప్పుడూ బ్రౌన్ నిఘంటువు గొప్పది అంటాం, అది ఎవరికోసం రాశాడో అడగం. ఆయన పాఠకుడు సముద్రం దాటి కొత్తగా దిగిన ఇరవయ్యేళ్ల ఇంగ్లీషు కుర్రవాడు. ఆ కుర్రవాడు రేపు కచేరీలో కూర్చుని రైతు మాట వినాలి. అందుకే బ్రౌన్ కావ్యాల మాటలతో ఆగలేదు, పండితులు ముఖం చిట్లించే వాడుక మాటలూ ఎక్కించాడు. కచేరీ కాగితాల్లో దొర్లే ఫార్సీ, హిందుస్తానీ మాటల కోసం 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశాడు. భాష నేర్చుకునేవాడిగా తాను ఎక్కడెక్కడ తడబడ్డాడో గుర్తు పెట్టుకుని రాసిన పుస్తకం కాబట్టే దానికి అంత ఆయుష్షు. 1903లో వచ్చిన సవరించిన కూర్పులో కందుకూరి వీరేశలింగం గారి చెయ్యి కూడా ఉంది.

బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం (1885) పాఠకుడు వేరు. మన బడి బీరువాలో నల్ల గుడ్డ అట్టతో ఉండేదే. కావ్యం ముందు పెట్టుకుని, పద్యంలో మాట అర్థం కాక ఆగినవాడి కోసం అది. ప్రయోగాలు చూపిస్తుంది, దేశ్యమా, సంస్కృతమా, వైకృతమా చెబుతుంది. అరసున్నలు, బండి ఱలు పట్టింపుగా ఉంటాయి. మనుచరిత్ర పాఠం చెప్పే అయ్యవారికి అది కుడిభుజం. నేను తొమ్మిదిలో ఉండగా దాన్ని అడిగి తీసుకుని, మా ఇంట్లో మాట్లాడే మాటలు కొన్ని వెతికాను. ఒకటి రెండు దొరికాయి, మిగతావి దొరకలేదు. మా అవ్వ మాట్లాడేది అసలు తెలుగేనా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం చిన్నది కాదు. ఇంగ్లీషు నిఘంటువు నాకు ఇంగ్లీషు రాదని చెప్పింది, తెలుగు నిఘంటువు నాకు తెలుగు కూడా రాదని చెప్పింది.

పిఠాపురం మహారాజా అండతో, జయంతి రామయ్య పంతులు గారి సారథ్యంలో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇంకా పెద్ద సంకల్పం. మొదటి సంపుటం 1936లో వచ్చింది. చివరి సంపుటాలు వెలువడేసరికి దేశానికి స్వాతంత్ర్యం, తెలుగువారికి రాష్ట్రం కూడా వచ్చేశాయి. రామయ్య పంతులు గారు గ్రాంథికవాదులకు పెద్దదిక్కు. వాడుక మాటలను బయట పెట్టారని గిడుగు రామమూర్తి పంతులు గారు దాన్ని గట్టిగా విమర్శించారు. గ్రాంథిక వ్యావహారిక వాదం పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్నగా చదువుకున్నాం కదా. మా అవ్వ మాట ఆ పుస్తకాల్లో ఎందుకు లేదో ఆ ఐదు మార్కుల్లోనే ఉందని నాకు నలభై దాటాక గాని తట్టలేదు.

ఆ లోటు తీర్చే పని మొదలుపెట్టింది భద్రిరాజు కృష్ణమూర్తి గారు. ఆయన సంపాదకత్వంలో సాహిత్య అకాడమీ ప్రచురించిన వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో వచ్చింది. కావ్యాలు తిరగేసి కాదు, ఊళ్లు తిరిగి రైతుల నోటి నుంచి ఎత్తి రాసుకున్న మాటలు. హైదరాబాదులో పాత పుస్తకాల కొట్లో నాకు ఒక ప్రతి దొరికింది. ఊరికి తీసుకెళ్లి నాయనకు చదివి వినిపించాను. కాడి, మేడి, కర్రు అంటూ నాగలి భాగాలు వస్తుంటే ఆయన తలాడించారు. ఒకచోట ఆపి, "అది కోస్తా వాళ్లనేది. మన దిక్కు అట్లనరు" అన్నారు. జిల్లాల తేడాలు కూడా పుస్తకంలో రాసి ఉన్నాయని చూపిస్తే నమ్మలేదు. నాలుగో తరగతితో చదువు ఆపిన మనిషి, ఆ రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని తనే ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివారు. ఆయన ఒక నిఘంటువు చదవడం నేను చూసింది అదొక్కసారే.

ఇంగ్లీషు సంగతికి వస్తాను. అనంతపురంలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది నాకు మిడ్ పరీక్షల్లో రెండు సబ్జెక్టులు పోయాయి. లెక్క తెలియక కాదు, ప్రశ్న అర్థం కాక. అటక మీది ఎర్ర అట్ట పుస్తకం తెచ్చుకున్నాను, శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కూడా కొన్నాను. శంకరనారాయణ మన తెలుగు ఇళ్లలో తాతల కాలం నుంచి ఉన్నదే. ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడు గబుక్కున అర్థం అందుకోవడానికి మంచిది. ఇబ్బంది ఎక్కడంటే ఒక మాటకు ఐదారు సంస్కృత సమాసాలు వరుసగా ఇస్తే, అందులో నా వాక్యానికి ఏది అతుకుతుందో తెలియదు. చదవడానికి సాయపడింది, రాయడానికి కాదు.

అప్పుడు హాస్టల్‌లో మా సీనియరు ఒకాయన, ఆయనదీ తెలుగు మీడియమే, తన హార్న్‌బీ నిఘంటువు నా చేతిలో పెట్టాడు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో చవకగా దొరికే ఈఎల్‌బీఎస్ ముద్రణ. "దీంట్లో అర్థం కూడా నీకు అర్థమయ్యే ఇంగ్లీషులోనే ఉంటుంది" అన్నాడు. తెరిచి అలవాటుగా 'స్నీజ్' చూశాను. ఒక్క చూపులో తెలిసిపోయింది. వేరే పేజీకి వెళ్లవలసిన పని పడలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ రకం నిఘంటువులు ఇంగ్లండులో కూర్చుని ఆలోచించి రాసినవి కావని తర్వాత తెలిసింది. వాటి పుట్టిల్లు ఆసియా తరగతి గది. మైకేల్ వెస్ట్ అనే విద్యాధికారి ఢాకాలో పనిచేస్తూ, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు చదవలేక పడే అవస్థ చూశాడు. ఎండికాట్‌తో కలిసి 1935లో ఆయన వేసిన నిఘంటువులో సుమారు 24,000 మాటలకు, పదబంధాలకు అర్థాలు 1,490 మాటలతోనే చెప్పారు. ఆ 1,490 వస్తే చాలు, మిగతావన్నీ తెలుసుకోవచ్చు. ఇంజనీరుగా ఇంత అందమైన డిజైను నేను తక్కువ చూశాను. ఆల్బర్ట్ హార్న్‌బీ 1924లో జపాన్ వెళ్లి అక్కడి విద్యార్థులకు ఇంగ్లీషు చెప్పాడు. చదివి అర్థం చేసుకోవడం ఒకటి, తప్పు లేకుండా రాయడం ఒకటి అని అక్కడ ఆయనకు తెలిసింది. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి చేసిన నిఘంటువులో క్రియలు వాక్యంలో ఎలా నడుస్తాయో 25 నమూనాలుగా చూపించాడు, లెక్కపెట్టగల నామవాచకాలకు, లెక్కపెట్టలేని వాటికి గుర్తులు పెట్టాడు. యుద్ధం మధ్యలో, 1942లో, టోక్యోలో అది అచ్చయింది. యుద్ధం అయ్యాక 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తీసుకున్నారు.

ఆ చిన్న గుర్తు విలువ నాకు ఉద్యోగంలో తెలిసింది. మొదటి రిపోర్టులో 'ఎక్విప్‌మెంట్స్', 'ఇన్ఫర్మేషన్స్' అని రాశాను. ఎర్ర సిరా పడింది. హార్న్‌బీ చూస్తే పక్కనే గుర్తు ఉంది, లెక్కపెట్టరాదని. నాలుగేళ్లు ఆ పుస్తకం వాడుతూ ఆ గుర్తును చూడనేలేదు. నిఘంటువు ముందు పేజీలు ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం: ఒక్క పీరియడు ఆ ముందు పేజీలకు కేటాయించండి. తర్వాత 1978లో 2,000 మాటలతో అర్థాలు చెప్పే లాంగ్‌మన్, 1987లో అర్థాన్నే పూర్తి వాక్యంగా చెప్పే కోబిల్డ్ వచ్చాయి. అన్నీ ఈ కుటుంబమే. తొమ్మిది, పది తరగతులకు వీటిలో ఏదైనా చిన్న కూర్పు సరిపోతుంది. ఆరో తరగతికి ఇవి కూడా బరువే. వాళ్లకు తెలుగు అర్థం, ఒక ఉదాహరణ వాక్యం, వీలైతే బొమ్మ ఉండాలి.

ఇంత తెలిసినవాణ్ని, మళ్లీ ఒకసారి బోల్తా పడ్డాను. మా తమ్ముడి కూతురు టెక్సాస్‌లో పుట్టి పెరిగింది. పన్నెండేళ్లప్పుడు "పెదనాన్నా, నాకు తెలుగు డిక్షనరీ కావాలి" అంది. నా ఆనందం చెప్పలేను. బ్రౌన్ పునర్ముద్రణ పంపాను. నెల తర్వాత వీడియో కాల్‌లో అడిగింది: "ఇందులో 'వచ్చాడు' లేదు పెదనాన్నా. 'తెచ్చింది' లేదు. 'లేదు' ఎక్కడుందో తెలియట్లేదు." వచ్చాడు కోసం 'వచ్చు' చూడాలని మనకు ఎవరూ నేర్పలేదు, పాలతో వచ్చింది. ఆ పిల్లకు అదే పెద్ద గోడ. సున్న ఉన్న మాటలు ఏ వరుసలో వస్తాయో కూడా తెలియదు. పైగా నూట డెబ్బయ్యేళ్ల కిందటి మాటలు నేర్చుకుని అమ్మమ్మతో మాట్లాడితే ఆవిడ నవ్వింది. అప్పుడు గ్విన్ నిఘంటువు తెప్పించి పంపాను. మన రాష్ట్రంలో పనిచేసిన ఐసీఎస్ అధికారి జె.పి.ఎల్. గ్విన్, జె. వెంకటేశ్వర శాస్త్రి గారితో కలిసి చేసినది, 1991లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ. పత్రికల్లో, ఇళ్లలో వాడే ఈనాటి తెలుగు అందులో ఉంది. దానితోపాటు నేను చేతిరాతతో ఒక కాగితం పంపాను, నలభై క్రియలు, వాటి మూలరూపాలు. పుస్తకం కంటే ఆ కాగితమే ఎక్కువ వాడిందట. ఇప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక్క మాట కొడితే పాతవీ కొత్తవీ నిఘంటువులన్నీ ఒకేసారి పలుకుతాయి. నాకు అది పండగ. పన్నెండేళ్ల పిల్లకు అది వరద.

కార్యదర్శి మిత్రుడికి నా జవాబు ఇది. పెద్ద సెట్టు వద్దు. ఆ డబ్బుతో ఆరో తరగతికి బొమ్మలున్న ఇంగ్లీషు–తెలుగు చిన్న నిఘంటువులు నలభై, తొమ్మిదో తరగతికి తేలిక మాటలతో అర్థాలు చెప్పే ఇంగ్లీషు నిఘంటువులు నలభై కొందాం. బీరువాలో కాదు, తరగతి గదిలో కిటికీ పక్కన పలక మీద పెడదాం. కొట్లో కొనేముందు చిన్న పరీక్ష: బాగా తెలిసిన మాట ఒకటి తీసి, దాని అర్థం ఆరో తరగతి పిల్లచేత చదివించండి. అందులో తెలియని మాటలు రెండు తగిలితే ఆ పుస్తకం ఆ పిల్లకు కాదు. పిల్లలను కొట్టుకు తీసుకెళ్లడానికి నేను వస్తాను. శబ్దరత్నాకరం కొత్త ప్రతి ఒకటి తెలుగు ఉపాధ్యాయుల గదికి ఇద్దాం, బీరువాలోది చెదలు కొట్టింది. వ్యవసాయ పదకోశం నా ప్రతి నేనే ఇస్తాను, నాయన పెన్సిలుతో గీసిన గీతలతో సహా.

పుస్తకాలు చినిగితే చిననివ్వండి, మూడేళ్లకొకసారి మళ్లీ కొందాం. మా 85 బ్యాచ్ తరఫున ఆరో తరగతి నలభై ప్రతుల డబ్బు కోశాధికారికి అందజేశాను. తొమ్మిదో తరగతివి ఇంకా ఎవరూ తీసుకోలేదు.